సింక్లెయిర్ పేరు ఖరీదు

1980ల తొలి ఏళ్లలో బ్రిటన్ ఇళ్లలోకి చవక కంప్యూటర్లను తెచ్చిన సింక్లెయిర్ రీసెర్చ్‌కు సొంత ఫ్యాక్టరీ లేదు. డిజైను కేంబ్రిడ్జ్‌లో జరిగేది. తయారీ స్కాట్లండ్‌లోని డండీలో ఉన్న టైమెక్స్ ప్లాంటుది. మొదట్లో అమ్మకమంతా పత్రికల్లో ప్రకటన చూసి డబ్బు పంపినవాళ్లకు పోస్టులోనే. కాబట్టి ఈ కంపెనీ ఆస్తి లెక్క తీస్తే ప్రధానంగా తేలేవి డిజైన్లు, పేరు.

ఆ పేరు వ్యవస్థాపకుడు క్లైవ్ సింక్లెయిర్ ఇంటిపేరే. 1961లో ఆయన పెట్టిన సింక్లెయిర్ రేడియోనిక్స్ జేబు కాలిక్యులేటర్లతో పేరు తెచ్చుకుని, 1975 నాటి బ్లాక్ వాచ్ అనే డిజిటల్ చేతిగడియారంతో దెబ్బతింది. ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎంటర్‌ప్రైజ్ బోర్డు వాటా కొని ఆదుకుంది. పెత్తనమూ దాని చేతికే పోయింది. 1979లో సింక్లెయిర్ బయటికొచ్చారు. అప్పటికే చేతిలో ఉన్న మరో చిన్న కంపెనీయే పేర్లు మార్చుకుంటూ 1981లో సింక్లెయిర్ రీసెర్చ్ అయింది.

1980లో వచ్చిన జెడ్‌ఎక్స్80 కంప్యూటర్ ధర వంద పౌండ్ల లోపే. మరుసటేడు జెడ్‌ఎక్స్81ను 69.95 పౌండ్లకే ఇచ్చారు. 1982లో రంగుల్లో బొమ్మలు చూపే స్పెక్ట్రమ్ వచ్చింది. 1983లో పది శాతం వాటాలు అమ్మినప్పుడు కంపెనీ విలువ 13.6 కోట్ల పౌండ్లని తేలింది. ఆ వాటాలు అమ్మగా వచ్చిన సొమ్ములో పెద్ద భాగం సీ5 అనే మూడు చక్రాల విద్యుత్ వాహనానికి వెళ్లింది. సీ5 వల్లే కంపెనీ మునిగిందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని తెచ్చింది వేరే కంపెనీ. కంప్యూటర్ వ్యాపారానికి దాని చిక్కులు దానికే ఉన్నాయి.

పోటీదారుల బలాలు ఒక్కొక్కరివి ఒక్కో తీరు. సింక్లెయిర్ దగ్గర పనిచేసి వెళ్లిన క్రిస్ కరీ భాగస్వామిగా ఉన్న ఏకార్న్‌కు బీబీసీ ముద్ర దొరికింది, దాంతో బడులు దాని వైపు మొగ్గాయి. అమెరికా నుంచి వచ్చిన కొమడోర్ చిప్‌లు తానే తయారుచేసుకునేది, ధర తగ్గించినా తట్టుకోగలిగేది. అలన్ షుగర్ కంపెనీ ఆమ్‌స్ట్రాడ్ 1984లో కంప్యూటరు, తెర, క్యాసెట్ రికార్డరు కలిపి ఒకే పెట్టెలో అమ్మింది. సింక్లెయిర్‌కు ఉన్న రక్ష చవక ధర, స్పెక్ట్రమ్ కోసం అప్పటికే గుట్టలుగా వచ్చిన ఆటలు. వ్యాపారుల కోసం 1984 జనవరిలో ప్రకటించిన క్యూఎల్ అనే కంప్యూటర్‌ను 28 రోజుల్లో పంపుతామని చెప్పి నెలలు జాప్యం చేశారు. మాట తప్పడం వల్ల పోయిన పరువు ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనిపించదు.

1984 క్రిస్మస్‌కు అనుకున్నంత గిరాకీ రాలేదు. సరుకు పేరుకుపోయింది, బాకీలు పెరిగాయి. ఏకార్న్‌కూ అదే గతి. 1985లో దాన్ని ఇటలీ కంపెనీ ఒలివెట్టి ఆదుకుంది. సింక్లెయిర్‌ను గట్టెక్కిస్తానని జూన్‌లో ప్రకటించిన పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్ ఆగస్టుకల్లా వెనక్కి తగ్గారు.

1986 ఏప్రిల్‌లో ఆమ్‌స్ట్రాడ్ 50 లక్షల పౌండ్లకు కొన్నది కంపెనీని కాదు; దాని కంప్యూటర్లను, వాటి మీద సింక్లెయిర్ పేరు వాడుకునే హక్కును. బేరం షుగర్‌కే కలిసొచ్చింది. క్యూఎల్‌ను ఆపేసి, అదే ఏడాది క్యాసెట్ రికార్డరు అమర్చిన స్పెక్ట్రమ్ ప్లస్2ను సింక్లెయిర్ పేరుతోనే అమ్మారు. క్లైవ్ సింక్లెయిర్ మాత్రం 1987లో తెచ్చిన జెడ్88 కంప్యూటర్‌ను కేంబ్రిడ్జ్ కంప్యూటర్ పేరుతో అమ్ముకోవాల్సి వచ్చింది. 2007లో టీవీ సంస్థ బీస్కైబీ ఆమ్‌స్ట్రాడ్‌ను కొన్నప్పుడు సింక్లెయిర్ పేరు మీది హక్కులూ దాని చేతికి వెళ్లాయి.