కొన్న సినిమా, పాట, ఈ-బుక్‌కు బ్యాకప్ కాపీ చేసుకోవచ్చా? చట్టం ఏం చెబుతోంది?

పదిహేనేళ్ల కిందట పెళ్లయినవాళ్ల ఇంట్లో బీరువా తెరిస్తే పట్టుచీరల కింద ఒక డీవీడీ కవర్ కనిపిస్తుంది. పైన వధూవరుల ఫొటో, లోపల రెండో మూడో డిస్కులు. ఇప్పుడు చూద్దామంటే ల్యాప్‌టాప్‌కు డిస్క్ డ్రైవ్ ఉండదు. ఎవరిదగ్గరో డ్రైవ్ తెచ్చి పెట్టినా గీతలు పడిన డిస్క్ సరిగ్గా తలంబ్రాల దగ్గర ఆగిపోతుంది.

దాన్ని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోవచ్చా? అదే డబ్బు పెట్టి కొన్న సినిమా డీవీడీ అయితే? యాప్‌లో కొన్న ఈ-బుక్ అయితే? మూడింటికీ జవాబు ఒకటి కాదు. మన దేశంలో ఈ విషయాన్ని తేల్చేది 1957 నాటి కాపీరైట్ చట్టం. దీనికి చేసిన కీలకమైన సవరణలు 2012 జూన్ 21 నుంచి అమల్లో ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్‌కు మాత్రం స్పష్టమైన హక్కు

కొనుక్కున్నవారు బ్యాకప్ కాపీ చేసుకోవచ్చని చట్టం నేరుగా చెప్పింది కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల విషయంలోనే. సెక్షన్ 52(1)(ఏఏ) ప్రకారం, ప్రోగ్రామ్ కాపీని చట్టబద్ధంగా దగ్గర ఉంచుకున్నవారు అది పోతే, పాడైతే పనికొచ్చేలా బ్యాకప్ తీసుకోవచ్చు.

మీ కొట్టు కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నారనుకోండి. దాని ఇన్‌స్టాల్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు. కానీ ఒక కొట్టుకు కొన్న లైసెన్సుతో, బ్యాకప్ ఉంది కదా అని తమ్ముడి కొట్టులోనూ ఎక్కిస్తే అది బ్యాకప్ కాదు, ఉల్లంఘన. అసలు కాపీని ఇంకొకరికి అమ్మేశాక కూడా ఆ బ్యాకప్‌ను వాడుకునే హక్కు మీకు ఉండదు. ఇక అందులో మీరు ఎక్కించిన బిల్లులు, ఖాతాదారుల వివరాల సంగతి వేరు. అవి మీవే. వాటిని రోజూ కాపీ తీసి పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు.

పాటలు, సినిమాలు, పుస్తకాల సంగతి?

వీటి విషయంలో బ్యాకప్ అనే మాట చట్టంలో లేదు. అక్కరకు వచ్చేది సెక్షన్ 52(1)(ఏ). సొంత, వ్యక్తిగత వినియోగం కోసం ఏ రచననైనా న్యాయమైన రీతిలో వాడుకోవడం ఉల్లంఘన కాదని అది చెబుతుంది. 2012కు ముందు ఈ వెసులుబాటు సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులకే ఉండేది. సవరణలో 'ఏ రచన అయినా' అని మార్చడంతో సినిమాలు, సౌండ్ రికార్డింగులు కూడా దీని కిందికి వచ్చాయి. అలాంటి వినియోగం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచుకోవడం కూడా తప్పు కాదని అదే సెక్షన్ వివరణలో ఉంది.

అయితే 'న్యాయమైన రీతి' అంటే ఎన్ని కాపీలు, ఎంత భాగం అన్న కొలత చట్టం ఇవ్వలేదు. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, దానివల్ల హక్కుదారు వ్యాపారానికి దెబ్బ తగిలిందా అన్నది కోర్టులు కేసును బట్టి చూస్తాయి. మీరు కొన్న ఆడియో సీడీని మీ ఫోన్లో వినడానికి ఒక కాపీ చేసుకుంటే గట్టి వాదనే మీ వైపు ఉంటుంది. స్నేహితుడి సీడీని తెచ్చి కాపీ చేసుకున్నప్పుడు ఆ వాదన నిలబడటం కష్టం.

బస్టాండ్ పక్కన డబ్బులు తీసుకుని పెన్‌డ్రైవ్ నిండా పాటలు ఎక్కించే దుకాణాలు ఉంటాయి కదా, వాటికీ బ్యాకప్‌కూ సంబంధమే లేదు. తెలిసి చేసే ఇలాంటి ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉంటాయి. మీ సొంత కాపీని టెలిగ్రామ్ గ్రూపులో పెట్టినా ఈ సెక్షన్ వర్తించవచ్చు. వ్యాపారంలో లాభం కోసం చేయలేదని తేలితే శిక్ష తగ్గించే అధికారం మాత్రం కోర్టుకు ఉంది.

డిజిటల్ తాళం తీయొచ్చా?

సినిమా డీవీడీలు, చాలా ఈ-బుక్‌లకు కాపీ కాకుండా ఒక తాళం ఉంటుంది. దీన్నే డీఆర్ఎం అంటారు. 2012లో చేర్చిన సెక్షన్ 65ఏ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఈ తాళాన్ని ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడతాయి. ఇక్కడ 'ఉద్దేశంతో' అన్న మాట ముఖ్యం. చట్టం నిషేధించని పని కోసం తాళం తీస్తే ఈ సెక్షన్ అడ్డు రాదు. అయితే ఆ పని మీకు వేరేవాళ్లు చేసిపెడితే మీ పేరు, చిరునామా, ఎందుకు తీయించుకున్నారన్న వివరాలు వాళ్లు రికార్డు చేసి ఉంచాలి. ఆ నిబంధన తెలిసిన కంప్యూటర్ షాపు ఎన్ని ఊళ్లలో ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇంకో చిక్కు. చట్టం తప్పు పట్టకపోయినా కంపెనీ పట్టవచ్చు. తాళం తీయబోమని మీరు 'ఐ అగ్రీ' నొక్కి ఒప్పుకొని ఉంటారు. జైలు మాట అటుంచి, ఖాతా మూతపడితే అందులో కొన్నవన్నీ పోతాయి.

'బై' నొక్కితే కొన్నట్టేనా?

చాలామంది మోసపోయేది ఇక్కడే. డిస్క్ కొంటే వస్తువు చేతికి వస్తుంది. ఆన్‌లైన్‌లో 'బై' నొక్కితే ఎక్కువసార్లు దక్కేది చూసుకునే, చదువుకునే లైసెన్సు మాత్రమే.

2009 జులైలో అమెజాన్ సంస్థ జార్జ్ ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫామ్' పుస్తకాలను కొన్నవారి కిండిల్‌లలోంచి దూరం నుంచే తొలగించింది. అమ్మకానికి పెట్టినవారికి హక్కులు లేవన్నది కారణం. డబ్బు వెనక్కి ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. అయితే ఆ పుస్తకంపై రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయిందని ఓ విద్యార్థి కోర్టుకెళ్లాడు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ స్టోర్ మూసేసినప్పుడు, కొన్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి. అప్పుడూ డబ్బు తిరిగిచ్చారు. కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌లోకి దింపుకుని యూఎస్‌బీ ద్వారా ఎక్కించుకునే వీలును అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న తీసేసింది.

కాబట్టి డబ్బు కట్టేముందే ఫైలు చేతికి వస్తుందా, యాప్‌లోనే ఉండిపోతుందా చూసుకోండి. ఐట్యూన్స్ స్టోర్‌లో కొనే పాటలకు 2009 నుంచి తాళం లేదు, వాటిని మామూలు ఫైళ్లలాగే దాచుకోవచ్చు. నెలవారీ చందాతో వినే యాపుల్లో 'డౌన్‌లోడ్' చేసినవి మాత్రం చందా ఆగగానే పలకవు.

అమెరికా, బ్రిటన్‌లలో ఉంటే

అమెరికాలో నిబంధన మనకంటే కఠినం. సొంత డీవీడీ అయినా, ఇంట్లో చూసుకోవడానికే అయినా తాళం ఛేదించడం అక్కడి డీఎంసీఏ చట్టానికి విరుద్ధం. కాలిఫోర్నియాలో మాత్రం ఇస్తున్నది లైసెన్సేనని కొనేవారికి స్పష్టంగా చెప్పకుండా 'బై' అన్న మాట వాడకూడదని 2025 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. బ్రిటన్‌లో సొంత వాడకానికి కాపీ చేసుకునే హక్కును 2014 అక్టోబరులో ఇచ్చారు. సంగీత పరిశ్రమ సవాలు చేయడంతో 2015 జులైలో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

పెళ్లి డీవీడీ మీదేనా?

మీదే. డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోలు, వీడియోలకు తొలి హక్కుదారు తీయించుకున్నవారేనని సెక్షన్ 17(బి) చెబుతోంది. స్టూడియోతో వేరేగా ఒప్పందం రాసుకుని ఉంటే తప్ప ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు. మధ్యలో కలిపిన సినిమా పాటల హక్కులు మాత్రం మ్యూజిక్ కంపెనీలవి. అందుకే యూట్యూబ్‌లో పెట్టినప్పుడు నోటీసు వస్తుంది. ఈ డిస్కుల విషయంలో ఆలస్యం చేయకండి, రెండు వేర్వేరు చోట్ల కాపీ ఉంచండి.

కొన్నది మాయమైతే ఫిర్యాదు ఎక్కడ?

'బై' అని అమ్మి, తర్వాత తీసేసి, డబ్బు కూడా ఇవ్వకపోతే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మీరు నివసించే జిల్లాలోనే వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, డబ్బు కట్టిన ఆధారం, 'బై' అని కనిపించిన పేజీ స్క్రీన్‌షాట్ దగ్గర ఉంచుకోండి. ఆ స్క్రీన్‌షాట్ కొన్న రోజే తీసుకోవాలి, తర్వాత ఆ పేజీ అలాగే ఉంటుందన్న హామీ లేదు.