చెక్కపనికో పత్రిక

వంటలకి పత్రిక వుంది, భక్తికి వుంది, సినిమాకి ఎన్ని వున్నాయో లెక్కే లేదు. కానీ విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర బయల్దేరి సామారంగం చౌక్ దాకా నడిచి, ప్రతి కొట్టులోనూ "సరదాకి చెక్కపని చేసుకునేవాళ్ళ పత్రిక వుందా?" అని అడిగి చూడండి. కొట్టువాడు మీ మొహం వంక ఒకసారి, మీ చేతుల వంక ఒకసారి చూస్తాడు.

అడిగేవాళ్ళు లేకపోలేదు. రిటైరైన బ్యాంకు ఆయనకి మనవడి కోసం చిన్న కుర్చీ చెయ్యాలని వుంటుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడికి ఆదివారం నాడైనా రంపం పట్టాలనిపిస్తుంది. వీళ్ళు చివరికి ఏదో ఇంగ్లీషు పత్రికకి చందా కట్టేస్తారు. ఏది కట్టాలో తేల్చుకోవాలంటే మాత్రం, అసలీ పత్రికలు ఎందుకు పుట్టాయో కాస్త తెలుసుకోవడం మంచిది.

ఈ కథ 1678లో లండన్‌లో మొదలైంది. గ్లోబులూ మ్యాపులూ తయారుచేస్తూ, అచ్చు పని కూడా చేసే జోసెఫ్ మాక్సన్ అనే ఆయన చేతిపనుల గురించి విడతలు విడతలుగా చిన్న పుస్తకాలు వెయ్యడం మొదలుపెట్టాడు. మొదట కమ్మరం, తర్వాత చెక్కపని, ఇళ్ళ వడ్రంగం, లేతు మీద తిప్పే తరిమెన పని. అప్పటిదాకా ఆ రహస్యాలు గురువు నోటినుంచి శిష్యుడి చెవికి పోయేవి తప్ప కాగితం ఎక్కింది బహు తక్కువ. విచిత్రమేమంటే, చేతి నేర్పు మాటలతో వచ్చేది కాదనీ, చేసి చేసి సంపాదించుకోవలసిందేననీ ఆ మాక్సనే ముందుమాటలో ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే పుస్తకం అచ్చేశాడు! చెక్కపని పత్రికలన్నిటికీ అప్పటినుంచి ఇప్పటిదాకా వున్న చిక్కు ఇదే.

తర్వాత రెండు వందల ఏళ్ళకి పత్రికలు జోరందుకున్నాయి. 1895లో ఇంగ్లండులో 'హాబీస్' అనే వారపత్రిక వచ్చింది. సన్నటి రంపంతో పల్చటి చెక్కలో లతలూ జాలీలూ కోసుకునేవాళ్ళకి అందులో నమూనాలు ఇచ్చేవారు. 1901లో 'ది వుడ్ వర్కర్', 1902లో చికాగో నుంచి 'పాపులర్ మెకానిక్స్' వచ్చాయి. అన్నీ ఒక్కసారి ఎందుకు పుట్టుకొచ్చినట్టు? అప్పటికి అక్కడ కుర్చీలూ బల్లలూ ఫ్యాక్టరీల్లో తయారవుతున్నాయి. పల్లె వదిలి పట్నం చేరిన గుమాస్తాకి సాయంత్రాలు ఖాళీ. తాత వడ్రంగే అయినా, ఆ తాత పక్కన లేడు. నేర్పే మనిషి దూరమైన ఇంట్లోకి పత్రిక అడుగుపెట్టింది.

సరిగ్గా ఆ 1902లోనే మనకీ పత్రికలు పుట్టాయి. బందరులో 'కృష్ణా పత్రిక', ఏలూరులో ఆడవాళ్ళ కోసం 'హిందూ సుందరి'. తర్వాతి రోజుల్లో మన వారపత్రికల్లో ముగ్గులూ, అల్లికలూ, పచ్చళ్ళూ కొలతలతో సహా వచ్చాయి. అంటే కాగితం చూసి పని నేర్చుకోవడం మన ఇళ్ళల్లో ముందు అలవాటు చేసుకున్నది ఆడవాళ్ళేనన్నమాట. మగవాళ్ళకి ఆ అవసరం రాలేదు. తలుపు బిగుసుకుపోతే వీధి చివర వడ్రంగి వున్నాడు. పల్లెల్లో అయితే నాగలికీ బండికీ అతనే దిక్కు. పంట రాగానే కళ్ళంలో అతని మేర అతనికి కొలిచేవారు. పని అతని కులానిది, నేర్పు అతని కొడుకుది. పక్కింటివాడు సరదాకి ఉలి పట్టుకుంటే నవ్వేవారు. ఆడది పట్టుకుంటే నవ్వు కూడా వచ్చేది కాదు.

మనవాళ్ళు చెక్క గురించి రాయలేదని కాదు. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో మంచాలకీ ఆసనాలకీ ఒక అధ్యాయం కేటాయించాడు. ఏ చెట్టు శుభం, ఏది కీడు, ఏ చెక్కని దేనితో కలపచ్చు అన్నీ అందులో వున్నాయి. ఉలి ఎలా పట్టాలో మాత్రం లేదు. చదివేవాడు ఉలి పట్టడనీ, పట్టేవాడు చదవడనీ ఆనాడే తీర్మానం అయిపోయింది కాబోలు. 1910లో బందరులో జాతీయ కళాశాల పెట్టిన కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి సీతారామయ్య గారు చదువునీ చేతిపనినీ ఒక కప్పు కిందికి తేవాలని చూశారు. 1937లో గాంధీగారి వార్ధా విద్యా పథకంలో వడ్రంగం కూడా ఒక పాఠమే. చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో మాత్రం ఆ పాఠం నిలవలేదు.

ఇంతకీ పత్రిక లేకుండా చెక్కపని ఎంత ఎత్తుకి వెళ్ళగలదో చూడాలంటే వన్ టౌన్ నుంచి పాతిక కిలోమీటర్ల లోపే కొండపల్లి వుంది. అక్కడి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేస్తారు. తేలికైన, మెత్తటి కర్ర. దాన్ని సెగ మీద నెమ్మదిగా ఆరబెడతారు. చేతులూ కాళ్ళూ తల విడివిడిగా చెక్కి, రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నం పూత, ఆపైన రంగులు. రంగులు వేసేచోట ఆడవాళ్ళూ కూర్చుంటారు. సెగ ఎంత వుండాలి, మక్కు ఎంత గట్టిగా కలపాలి అంటే ఏ పుస్తకంలోనూ వెతకరు, వేళ్ళతో చూసి చెబుతారు. కానీ ఇప్పుడు పొణికి చెట్టు అడవిలో తగ్గింది. పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకి పోతున్నారు. పోకేం చేస్తారు, పోవాలి కూడా. అయితే వాళ్ళతోపాటు ఆ వేళ్ళకి తెలిసిందీ పోతుంది.

ఇక పత్రిక ఎంచుకోవడం. రంగుల బొమ్మలు చూసి మోసపోకండి. నేనైతే మూడు సంగతులు చూడమంటాను.

ఒకటి, రాసేవాడు చేసేవాడేనా? 'ది వుడ్ వర్కర్'కి దాదాపు మూడు దశాబ్దాలు సంపాదకుడుగా వున్న చార్లెస్ హేవర్డ్ స్వయంగా పనివాడు. బొమ్మలు కూడా తనే గీసేవాడు. 1975లో అమెరికాలో పాల్ రోమన్ మొదలుపెట్టిన 'ఫైన్ వుడ్ వర్కింగ్' కూడా పని చేసేవాళ్ళ చేతే రాయించి పేరు తెచ్చుకుంది.

రెండు, ఆ పత్రిక అడిగే పనిముట్లు మన దగ్గర వున్నాయా? పెద్ద గ్యారేజీ, అరడజను కరెంటు మిషన్లు వున్నవాడి కోసం రాసింది, వన్ టౌన్ రెండు గదుల వాటాలో వుండేవాడికి చూసి మురిసిపోవడానికే. హేవర్డ్ కాలం వ్యాసాలు చేతి రంపం, ఉలి, తోపడాతో అయ్యే పనులు. అవి ఈమధ్య పుస్తకాలుగా మళ్ళీ అచ్చయ్యాయి. మనలాంటి వాళ్ళకి నా ఓటు వాటికే.

మూడు, ఏ చెక్క, ఏ గాలి? వాళ్ళు ఓక్, మేపుల్ అంటారు. మనకి టేకు, వేప, తుమ్మ, పనస. చలికాలంలో వాళ్ళు ఇంటిని వేడి చేసుకుంటారు కాబట్టి గాలి ఆరిపోయి చెక్క ముడుచుకుంటుంది. కృష్ణ ఒడ్డున మనకి ముడుచుకునేది ఎండాకాలంలో, వానాకాలంలో తలుపు పట్టేస్తుంది. వాళ్ళు చెప్పిన సందు మనం గుడ్డిగా వదిలితే సొరుగు రాదు.

ఈ మూడో సంగతి చెప్పగలిగేది ఏ విదేశీ పత్రికా కాదు, వీధి చివర వడ్రంగే. అతని మాటలు మన పుస్తకాల్లోకి రావాలని పెద్దలు తలపెట్టకపోలేదు. 1962లో సాహిత్య అకాడమీ, భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయంతో మొదలుపెట్టింది. 1971లో చేనేత వచ్చింది, తర్వాత మరికొన్ని వృత్తులూ వచ్చాయి. గొప్ప పని. కాని పదకోశం పనిముట్టు పేరు చెబుతుంది, పట్టుకునే తీరు చెప్పదు.

కాబట్టి చందా కట్టండి, తప్పు లేదు. దానితోపాటు ఆదివారాలు ఒక వడ్రంగి మేస్త్రి దగ్గర కూర్చోండి. ఊరికే కాదు, ఆ పూట కూలి ఇచ్చి. ఆయన చెప్పింది, ఆయన మాటల్లోనే, కొలతలతో ఒక నోటుబుక్కులో రాసుకోండి. తెలుగులో చెక్కపనికి పత్రికంటూ ఎప్పటికైనా వస్తే దాని మొదటి సంచికకి సరుకు ఆ నోటుబుక్కులోనే వుంటుంది. పత్రిక రావడం ఆలస్యమైనా ఫరవాలేదు. మేస్త్రిని అడగడం మాత్రం ఆలస్యం చెయ్యకండి.