నెత్తురు పారిన రంగస్థలము

పారిస్ నగరపు ఉత్తరభాగమున, రాత్రివేళ దీపకాంతులకును విలాసములకును పేరుగన్న పిగాల్ పేటలో, షాప్తాల్ వీధినుండి చీలి ముందుకు దారిలేక ఆగిపోవు సందు చివర, పూర్వము ప్రార్థనామందిరమై, పిదప ఒక చిత్రకారునికి కార్యశాలయై, 1897వ సంవత్సరమున నాటకశాలగా మారిన చిన్న భవనమొకటి కలదు. అందు పట్టు ప్రేక్షకులు మూడువందలకు లోపు. రంగస్థలము ఏ వైపున కొలిచినను ఇరువది అడుగులకు అటునిటుగా నుండెడిది. మందిరపు పూర్వవాసన పూర్తిగా పోలేదు: కొయ్యతో చెక్కిన దేవదూతలు పైనుండి ప్రేక్షకులను చూచుచుండిరి, వెనుకటి అరలకు సన్యాసినుల మఠమునందువలె జాలకములుండెను. ఆ దేవదూతల యెదుట అరువదియైదు సంవత్సరములపాటు గొంతుకలు కోయబడినవి, కనుగ్రుడ్లు పెకలింపబడినవి, ముఖములపై ఆమ్లము చల్లబడినది; తెర పడిన పిమ్మట హతులైనవారందరును లేచి, ప్రేక్షకులకు వంగి నమస్కరించి, ముఖము కడుగుకొని యిండ్లకు పోయిరి. ఆ నాటకశాల పేరు గ్రాన్ గీన్యోల్. వెండితెరపై రక్తపాతమును కన్నార్పక చూచువారికిని, చూచి యీసడించువారికిని నేడు జరుగుచున్న తగవులో వినవచ్చు వాదములన్నియు, ఈ సందు చివర ఒకమారు వినవచ్చినవే.

మూర్ఛలే కొలబద్ద

దీని స్థాపకుడు ఆస్కార్ మెటెనియే. నాటకకర్త కాకమునుపు అతడు పోలీసు కమిషనరునకు కార్యదర్శిగా పనిచేసి, మరణశిక్ష పడిన ఖైదీల కడపటి గడియలయందు వారికి తోడుగా నుండవలసిన విధిని సైతము నిర్వహించిన వాడగుటచే, దొంగలను, దేశదిమ్మరులను, పడుపువృత్తివారిని ఉన్నవారున్నట్లు రంగమెక్కించుట అతనికి సంకల్పమయ్యెను. మొపాసా కథ ననుసరించి యతడు కూర్చిన ‘మద్‌మ్వాజెల్ ఫిఫీ’ని అధికారులు కొంతకాలము నిలిపివేసిరి. వారి కోపమునకు హేతువు నెత్తురు కాదు. వేశ్య యొకతె రంగస్థలముపై పాత్రయై నిలుచుటయే. ఈ నాటకశాలపై తొలుదొలుత పడిన సెన్సారు దృష్టి ఎచ్చట నిలిచినదో పాఠకులు గమనింతురు గాక.

అనతికాలముననే ఆధిపత్యము మాక్స్ మోరే చేతికి వచ్చెను. లియాన్ నగరపు బొమ్మలాటలో పిల్లలను నవ్వించు గీన్యోల్ అను చేతితొడుగు బొమ్మ పేరును మెటెనియే తన శాలకు పెట్టుకొనగా, మోరే దానిని భయమునకు మారుపేరుగా మార్చినాడు. ఒక నాటకము ఎంత బాగున్నదో ఆ రాత్రి ఎందరు సొమ్మసిల్లిరను లెక్కనుబట్టి తేల్చుట అతని పద్ధతి. ప్రేక్షకుల క్షేమముకొరకని చెప్పి ఒక వైద్యుని శాలలో కూర్చుండబెట్టి, ఆ సంగతిని ఊరెల్ల చాటించుట అతని వ్యాపారనీతి. ఒకనాడు ఒక స్త్రీ మూర్ఛపోగా వైద్యునికొరకు కేకలు వేసిరనియు, ఆయన అప్పటికే మూర్ఛిల్లి యుండెననియు చెప్పుకొను కథ నిజమో, మోరే పుట్టించినదో గాని, టిక్కెట్లు అమ్ముటకు మాత్రము బహుధా తోడ్పడినది.

భయమును గ్రంథాలయమున కూర్చుండి వ్రాసినవాడు ఆంద్రే ద లోర్డ్. పగలు ఆర్సెనాల్ గ్రంథాలయమున ఉద్యోగి, వైద్యుని కుమారుడు, నూరింటికి మించిన నాటకములు వ్రాసి ‘భయసామ్రాట్టు’గా ప్రసిద్ధుడయినవాడు. అతనికి సహరచయితగా నుండిన ఆల్‌ఫ్రెద్ బినే మరెవరో కాదు. పిల్లల బుద్ధిబలమును కొలుచు పరీక్షను 1905లో సిమోనుతో కలిసి రూపొందించిన మనశ్శాస్త్రవేత్తయే. ఆ 1905లోనే వీరిరువురి పేర వెలసిన ‘ఒబ్సెషన్’ అను నాటకమున, కన్నబిడ్డను చంపవలెనను దుర్నివారమైన తలంపుతో కుమిలిపోవు తండ్రి ఒకడు, అది మరియొకరి జబ్బని నటించుచు వైద్యుని సలహా యడుగ పోయి, అట్టివానిని వెంటనే నిర్బంధింపవలెనను మాట విని, తన రహస్యమును విప్పలేక యింటికి మరలివచ్చును. తుదకు భయపడినదే జరుగును.

అట్టి నాటకమొకటి ముగిసిన వెంటనే ఒక పచ్చి ప్రహసనము, దానిపై మరల ఒక ఘోరము: ఇట్లు ఒకే రాత్రి అయిదారు ఏకాంకికలను మార్చి మార్చి ప్రదర్శించెడివారు. వేడినీటిని చన్నీటిని వెంటవెంట క్రుమ్మరించు స్నానముతో పారిస్‌వారు దీనిని పోల్చిరి. నవ్వి సడలిన ఒడలికి భయము ఎక్కువగా తగులునన్న సంగతి ఆ శాలవారు అనుభవముచే నేర్చుకొనిరి.

కార్మైన్, గ్లిసరిన్

ముందువరుసయందలి ప్రేక్షకుడు చేయి చాచిన నటుని కందునంత దగ్గరగా నున్న రంగస్థలముపై, కనికట్టు ఏమాత్రము తప్పినను నవ్వులపాలు కావలసినదే. అందుచేత రంగనిర్వాహకుడు పోల్ రాతినో పనితనము ఆ శాలకు ప్రాణాధారమయ్యెను. కార్మైన్ రంగును గ్లిసరిన్‌తో కలిపి చేసిన నెత్తురును వెచ్చచేసి వాడెడివారు. చల్లారిన కొలది అది నిజమైన రక్తమువలె గడ్డకట్టుచుండెడిది. కత్తి వాదర గుండెకు తగులగానే పిడిలోనికి జారిపోవును, పిడిలో దాచిన ద్రవము అదే క్షణమున వెలికి చిమ్మును. ఇవన్నియు ఒక లెక్కప్రకారము, ఒక సైగననుసరించి జరుగవలెను. నటి కేక ఒక్క క్షణము ముందైనను వెనుకైనను భయము చెడి హాస్యమగును.

1917లో ఈ శాలకు వచ్చిన పౌలా మాక్సా, పదివేలకు పైబడిన మారులు, అరువదికి తక్కువగాని విధములుగా హత్యగావింపబడిన నటియని శాలవారు గొప్పగా చెప్పుకొనెడివారు. అప్పటి అధిపతి కామీయ్ షువాజీ, నాటకమునకు పనికివచ్చునని శస్త్రచికిత్సాగారమున కావలసిన సామగ్రినంతయు ఒకమారు కొనివేసెనని ప్రతీతి.

మోరిస్ లెవెల్ వ్రాసిన ‘చీకటిలో ముద్దు’ 1912లో ప్రదర్శితమైనది. ప్రియురాలు చల్లిన గంధకికామ్లముచే కన్నులు పోయి, ముఖము రూపరియున్న యువకుడు న్యాయస్థానమున ఆమెపై కరుణ జూపి, కడసారి యొక ముద్దు యాచించి, ఆమె దగ్గరకు రాగానే పట్టుకొని అదే ఆమ్లమును ఆమె ముఖముపై గ్రుమ్మరించును. ప్రేక్షకుడు ఆ ముఖమును చూడవచ్చినాడు. కాని తెర లేచినది మొదలు అతనిని కూర్చుండనీయనిది ఆ యువకుని మెత్తని మాట. ద లోర్డ్ 1901లో వ్రాసిన ‘టెలిఫోనులో’ అను నాటకమున ఒక్క చుక్క నెత్తురైనను లేదు: ఎక్కడనో దూరమున దుండగులు తన భార్యాబిడ్డలను చంపుచుండగా, టెలిఫోను గొట్టము చెవికి ఆనించుకొని ఆ ధ్వనులు వినుట తప్ప ఏమియు చేయజాలని భర్త మాత్రము కలడు. రక్తమునకు ప్రసిద్ధికెక్కిన రచయిత రక్తము లేకయే భయపెట్టనేర్చుట, అతనికి రక్తము ఉపకరణమే గాని ఆధారము కాదని చెప్పుచున్నది.

మన ఆలంకారికులు ఈ రెంటిని వేరుపరచియే యుంచిరి. భరతుని మతమున భయము స్థాయిగా గలది భయానకము, జుగుప్స స్థాయిగా గలది బీభత్సము. మొదటిదానికి కాలుడు, రెండవదానికి మహాకాలుడు అధిదేవతలు. యుద్ధమును మరణమును అంకమున ప్రత్యక్షముగా చూపరాదని విధించిన ఆ శాస్త్రమే బీభత్సమును రసముల పంక్తినుండి త్రోసివేయలేదు. కావుననే ‘వేణీసంహారము’న భట్టనారాయణుడు రణరంగమును ప్రదర్శింపక, ఆ నెత్తురు త్రాగి బలిసిన రుధిరప్రియుడు, వసాగంధ అను రాక్షసదంపతుల సంభాషణమున దానిని సూచించెను, ‘మాలతీమాధవము’న భవభూతి మాధవుని నరమాంస మమ్ముటకు శ్మశానమునకు పంపెను. శాకుంతలమున దుష్యంతుని రథమునకు వెరచి పరుగిడు లేడిని భయానకమున కుదాహరణముగా గైకొని అభినవగుప్తుడు చేసిన వివరణము ఈ సందర్భమున స్మరణీయము: ఆ భయము నాది కాదు, శత్రువుది కాదు, మిత్రునిది కాదు; దేశకాలములు తొలగి కేవలము భయమై నిలిచినది గనుకనే ఆస్వాద్యమైనది. పిగాల్‌లో ఒకడు కన్నులు మూసికొని వ్రేళ్ళ సందులనుండి చూచునపుడు అతనికి కలుగు సుఖమునకు ఇంతకన్న చక్కని వ్యాఖ్యానము పారిస్‌లో పుట్టలేదు.

శవాగారపు గాజుపలక

ఇట్టి సుఖము మనుష్యుని పశువుగా మార్చునని అనువారు ఆనాడును కలరు. కాని ఆ పారిస్ నగరమే రంగస్థలమునకు వెలుపల ఏమి చూచుచుండెనో పరికింపవలెను. నోత్రదామ్ దేవాలయమునకు వెనుక నున్న నగర శవాగారము 1907 వరకు ప్రజలకు తెరచియుండెను. నదిలో తేలిన, వీధిలో కూలిన అనామకుల శవములను, తెలిసినవారెవరైన గుర్తింతురని, గాజుపలకల వెనుక వరుసగా నుంచెడివారు; గుర్తింపవలసిన వారికంటె వినోదార్థము వచ్చిన జనమే అధికము. ప్రవేశరుసుము లేదు. గిలెటిన్ శిక్షలు 1939 జూన్ వరకు బహిరంగముగనే జరిగినవి. ఆ నెల వెర్సాయ్‌లో ఓయ్‌గెన్ వైడ్మన్ శిరశ్ఛేదమునకు మూగిన జనుల ప్రవర్తన చూచి సిగ్గుపడిన ప్రభుత్వము, కొలది దినములలోనే ఆ శిక్షను చెరసాల గోడల లోపలికి మార్చెను. ఆ శిరశ్ఛేదమును పదునేడేండ్ల ప్రాయమున తాను చూచితినని చెప్పిన ఆంగ్లేయ యువకుడు క్రిస్టఫర్ లీ, అనంతరము తెరపై డ్రాక్యులాయై లోకమును బెదరించెను.

శవాగారమునందలి మృతుడు తనను చూడుమని ఎవరిని పిలువలేదు. వలదనుటకును అతనికి నోరు లేదు. మాక్సా మాత్రము జీతము తీసికొని, సాధనచేసి, చచ్చి, మరునాడు మరల వచ్చి చచ్చెడిది. శవాగారమునకు వచ్చినవాడును నాటకశాలకు వచ్చినవాడును ఒకే కుతూహలముతో వచ్చియుండవచ్చును. కాని మొదటివాని కుతూహలమునకు మూల్యము చెల్లించినవాడు మరియొకడు. ఈ తారతమ్యము తెలిసినవారికి గ్రాన్ గీన్యోల్ నెత్తురు పాపముగా తోపదు.

అయినను ఆ శాలకు పాపము లేదని నేను చెప్పను. ద లోర్డ్ నాటకములలో కత్తి పట్టువారు తరచుగా పిచ్చివారు. సల్పెత్రియేర్ వైద్యశాలలో, చికిత్సాలయములలో, శరణాలయములలో జరుగు ఆ కథలకు, బినే వంటి శాస్త్రజ్ఞుని పేరు తోడగుటచే, మనోవ్యాధి అనగా హత్యాప్రవృత్తియే అను భ్రమకు శాస్త్రముద్ర పడినట్లయినది. 1922లో మీర్బో నవల ననుసరించి ప్రదర్శించిన ‘చిత్రహింసల తోట’ యట్టివి చీనాదేశమును క్రౌర్యమునకు పుట్టినిల్లుగా చూపినవి. గ్లిసరిన్ మరక సబ్బుతో కడిగినచో పోవును. ఒక రోగిపై, ఒక జాతిపై వేసిన నింద ప్రేక్షకునితోకూడ వీధిలోనికి నడచిపోవును. పారిస్ సెన్సారు చూడవలసినది ఇది, చూచినది వేశ్యాపాత్రను.

రంగస్థలమునుండి తెరకు

1962లో శాల మూతపడెను. నేడు ఆ భవనమున వినికిడి లేని కళాకారులు సంజ్ఞాభాషలో నాటకములు ప్రదర్శించుచున్నారు. కడపటి అధిపతి షార్ల్ నోనోఁ, తాము నాజీల నిర్బంధశిబిరమైన బుఖెన్‌వాల్డుతో పోటీపడజాలమని వాపోయెను: యుద్ధమునకు ముందు తమ రంగస్థలముపై చూపినది కేవలము ఊహయని జనులు నమ్మిరనియు, తరువాత అంతకంటె ఘోరములు నిజముగా జరిగినవని ఎరిగిరనియు అతని భావము. అందు సత్యము కలదు గాని సంపూర్ణసత్యము లేదు. ఏలనన, శాల మూతపడిన మరుసటి సంవత్సరమే అమెరికాలో హెర్షెల్ గోర్డన్ లూయిస్, దాదాపు 24,500 డాలర్లతో తీసిన ‘బ్లడ్ ఫీస్ట్’ అను చిత్రము, తెగిన అవయవములను రంగులలో చూపి ధనరాశులు కురిపించెను. మోరే వైద్యుని కూర్చుండబెట్టినచోట వీరు వాంతి సంచులు పంచిపెట్టిరి, వ్యాపారసూత్రము ఒక్కటియే. వియత్నాము యుద్ధమున సైనిక ఛాయాగ్రాహకుడై నిజమైన శవములను చూచివచ్చిన టామ్ సవీనీ, 1978 నాటి ‘డాన్ ఆఫ్ ది డెడ్’లో అవే గాయములను కృత్రిమముగా సృష్టించినపుడు, ఆ కళకు యుద్ధమే పాఠశాలయైనది, నోనోఁ తన శాలకు మృత్యుకారణమని తలచినదే మరియొకనికి విద్యయైనది.

ఇటలీవాడైన రుజ్జేరో దేయోదాతో 1980లో తీసిన ‘కానిబల్ హోలోకాస్ట్’ ఈ తగవును న్యాయస్థానమునకు ఈడ్చెను. చిత్రమున చచ్చినట్లు చూపిన నటులు నిజముగనే చంపబడిరని అనుమానము పుట్టగా, వారు బ్రతికియున్నారని అతడు నిరూపింపవలసివచ్చెను. నిరూపించి ఆ ఆరోపణనుండి బయటపడెను. కాని అదే చిత్రమున తాబేలును, కోతిని, పందిని కెమెరా ముందు నిజముగనే చంపిరి. శూలమునకు గ్రుచ్చబడినట్లు తోచిన యువతి దృశ్యము ఎంత దారుణమైనను అది రాతినో విద్యకు వారసత్వము. తెరపై తక్కువ దారుణముగా కానవచ్చు తాబేలు మరణము శవాగారపు గాజుపలకకు వారసత్వము. వెగటును మాత్రమే ప్రమాణముగా కొన్నవారు మొదటిదానిని ఖండించి రెండవదానిని మన్నింతురు, తీర్పు తలక్రిందులగును.

పిల్లల కన్నులకు కొన్ని దృశ్యములు తగవని వయోనిర్ణయము చేయుట సమంజసమే. మనదేశమున 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టము, దాని 2023 నాటి సవరణ ఆ పనికిని ఉద్దేశింపబడినవి. అయితే పెద్దలకు చట్టము చాలదు. ఎంత నెత్తురు పారినది అని లెక్కించుకొనుట సులభము, కావుననే అందరును లెక్కింతురు. ఈ దృశ్యము సిద్ధమగుటకు ఎవరికైనను, పశువునకైనను, నిజముగా గాయమయినదా? ఇది చూచి వెలుపలికి వచ్చినవాడు వీధిలో ఏ నిరపరాధిని చూచి జంకును? ఈ రెండు ప్రశ్నలకును సరియైన సమాధానము చెప్పగల చిత్రము ఎంత ఘోరమైనను కళకు పరాయిది కాదు. తెరపైని రంగునీటిని చూచి మొగము చిట్లించుకొని, ఇంటికి వచ్చి, ఎక్కడనో రహదారిపై నిజముగా చచ్చినవాని వీడియోను చేతిఫోనులో నలుగురికి పంపువాడు, తెలియకయే 1907లో మూసివేసిన శవాగారపు తలుపులు మరల తెరచుచున్నాడు. భయానకచిత్రముల నిషేధము కోరుటకు వానికి గల అర్హత మిక్కిలి స్వల్పము.