మరపు ఎవరి చేతి పని?

డిటెక్టివ్ నవల అనగానే మన విమర్శకులు చాలామంది పెదవి విరుస్తారు. అది పొద్దుపుచ్చే సరుకనీ, దానికి చరిత్రతో పని లేదనీ వారి భావం. హత్య జరుగుతుంది, యుగంధర్ లాంటి పరిశోధకుడు వస్తాడు, చివరి పేజీల్లో హంతకుడు పట్టుబడతాడు, పుస్తకం మూసేస్తాం. బాగానే ఉంది. కాని ఒక సంఘం మొత్తం ఒక హత్యాకాండనే మరిచిపోతే, అక్కడ పరిశోధకుడు ఎవరిని పట్టుకోవాలి? ఈ ప్రశ్నను సూటిగా వేసిన నవల ఫ్రెంచి భాషలో ఉంది. దిదియే దెనెంక్స్ 1984లో ప్రచురించిన ఆ నవల పేరును ‘స్మృతి కోసం హత్యలు’ అని తెలుగు చేసుకోవచ్చు. దాని విలువ తెలియాలంటే ముందు 1961 నాటి పారిస్‌ను చూడాలి.

అప్పటికి అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం దాదాపు ఏడేళ్ళుగా సాగుతోంది. పారిస్ శివార్ల మురికివాడల్లో ఉంటూ, ఫ్యాక్టరీల్లో, కట్టడాల్లో కష్టించే అల్జీరియన్ శ్రామికులపై అక్టోబరు 5న నగర పోలీసు అధిపతి మోరిస్ పపోన్ కర్ఫ్యూ విధించాడు. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తెల్లవారుజామున అయిదున్నర దాకా వారు వీధుల్లో తిరగరాదన్నాడు. జాతీయ విమోచన ఫ్రంటు పిలుపు మీద అక్టోబరు 17 సాయంత్రం వేలాది అల్జీరియన్లు, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, ఆయుధాలు లేకుండా వీధుల్లోకి వచ్చారు. పోలీసులు వారిని కాల్చారు, కొట్టి చంపారు, సేన్ నదిలోకి తోశారు. ఆ రాత్రి పదకొండు వేల పైచిలుకు మందిని పట్టుకొని క్రీడామందిరాల్లో కుక్కారు. మృతులు మొదట ఇద్దరని, తరవాత ముగ్గురని ప్రభుత్వం ప్రకటించింది. చరిత్రకారుడు జాఁ లూక్ ఐనోదీ దాదాపు రెండు వందలని అంచనా కట్టాడు. ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కలిపి నూట ఇరవైకి పైనేనని హౌస్, మక్ మాస్టర్ అనే మరి ఇద్దరు చరిత్రకారులు తేల్చారు.

రాజధాని నడిబొడ్డున జరిగిన ఈ ఘోరం ఎలా మరుగున పడింది? కాలం గడిచేకొద్దీ జనం మరవడం సహజమని సమాధానం చెప్పుకుంటే పొరపాటు. ఈ మరపును పనిగట్టుకొని తయారుచేశారు. సంఘటన గురించి పోలెత్ పెజూ రాసిన పుస్తకాన్ని పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. జాక్ పనిజెల్ తీసిన ‘పారిస్‌లో అక్టోబరు’ చిత్రానికి 1973 దాకా అనుమతి దొరకలేదు. 1962లో యుద్ధ విరమణతో పాటు వచ్చిన క్షమాభిక్షలు విచారణలకు దారి మూసేశాయి. రికార్డు గదులకు తాళం పడింది. సంఘపు జ్ఞాపకశక్తికి కూడా యజమానులున్నారని దీనివల్ల తేలుతోంది.

దెనెంక్స్ నవల ఇక్కడే మొదలవుతుంది. అక్టోబరు 17 రాత్రి, ఆ గలాటాలోనే, రోజే తిరో అనే చరిత్ర ఉపాధ్యాయుడు హత్యకు గురవుతాడు. ఇరవై ఏళ్ళ తరవాత చరిత్ర చదువుతున్న అతని కొడుకు బెర్నార్ తూలూజ్ నగరంలో హతుడవుతాడు. ఆధారాల కోసం ఇన్‌స్పెక్టర్ కాదెన్ వెతుకుతూ వెళితే, తండ్రీ కొడుకులిద్దరూ ఒకే కాగితాల జోలికి పోయారని బయటపడుతుంది. అవి హిట్లరు ఆక్రమణ కాలంలో యూదులను ద్రాన్సీ నిర్బంధ శిబిరానికి పంపిన లెక్కలు. ఆ లెక్కల వెనక ఉన్న చెయ్యి ఒక ఉన్నతోద్యోగిది. ఒక నేరాన్ని కప్పడానికి మరొక నేరపు చీకటి పనికివచ్చింది. వలస పాలన, ఫాసిస్టు ఆక్రమణ రెండు వేరువేరు అధ్యాయాలుగా పాఠ్యపుస్తకంలో ఉండవచ్చు; కచేరీలో కూర్చుని సంతకం పెట్టే అధికారి మాత్రం ఒకడే. ఇది కవి కల్పన కాదు. పపోన్ 1942 నుంచి 1944 దాకా బోర్డోలో జిల్లా పరిపాలనలో ఉన్నతాధికారిగా యూదుల తరలింపులో పాలుపంచుకున్నవాడే. ఆ సంగతిని 1981లో ఒక పత్రిక బయటపెట్టేనాటికి అతడు మంత్రి పదవిలో ఉన్నాడు.

ఇంతవరకు పాలకుల మాట. మన మాట కూడా చెప్పుకోవాలి. 1962 ఫిబ్రవరి 8న వామపక్షాలు జరిపిన ప్రదర్శనపై పోలీసులు విరుచుకుపడగా షరోన్ మెట్రో స్టేషను వద్ద తొమ్మిది మంది కార్మికోద్యమ సభ్యులు మరణించారు. వారి అంత్యక్రియలకు లక్షలాది జనం కదిలారు. ఆ తొమ్మిది పేర్లూ నిలిచాయి. నాలుగు నెలల కిందట సేన్ నదిలో తేలిన అల్జీరియన్ శవాల వెంట అంత జనం ఎందుకు నడవలేదు? వారు కూడా శ్రామికులే కదా! షరోన్ మృతులను గౌరవించడం తప్పు కాదు. కాని ఆ గౌరవం అక్టోబరును కప్పివేసింది. వర్గదృష్టి ఉన్నవారిలోనూ జ్ఞాపకానికి వలస సరిహద్దులుండడం చరిత్ర మనకు పెట్టిన పరీక్ష.

ఆ మాటకు వస్తే ఈ నవల కూడా ఆ పరీక్షలో పూర్తిగా నెగ్గలేదు. తొలి పేజీల్లో మనం కలుసుకున్న అల్జీరియన్ యువతీయువకులు కథ ముందుకు సాగేకొద్దీ కనుమరుగవుతారు. పరిశోధన సాగేది ఫ్రెంచి ఉపాధ్యాయుడి హత్య గురించే. సత్యాన్ని వెలికితీసేవాడు కూడా పోలీసువాడే. అయినా చరిత్రకారులకు తలుపులు మూసి ఉన్న రోజుల్లో, రైలుబండిలో చదివే చవక నవల ఆ రాత్రిని వేలమంది పాఠకుల చేతికందించింది. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

తరవాతి కథ తెలిసిందే. యూదుల తరలింపు కేసులో పపోన్‌కు 1998లో పదేళ్ళ శిక్ష పడింది. అక్టోబరు మారణకాండ అతని ఆజ్ఞలతోనే జరిగిందని రాసినందుకు ఐనోదీపై అతడు వేసిన దావా 1999లో వీగిపోయింది. ఆ విచారణలో రికార్డుల ఆధారంగా ఐనోదీ పక్షాన సాక్ష్యమిచ్చిన ఇద్దరు ఆర్కైవ్స్ ఉద్యోగులను ఏళ్ళ తరబడి పనికి దూరంగా కూర్చోబెట్టారు. 2001లో సేన్ ఒడ్డున స్మారక ఫలకం వెలసింది. 2012లో అధ్యక్షుడు ఆ రాత్రి రక్తపాతాన్ని అంగీకరించాడు. అక్టోబరు హత్యలకు మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు.

కనుక ఒక సంఘం ఏమి మరిచిందని అడగడంతో మన పని తీరదు. ఆ కాగితం ఏ బీరువాలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది, మనం ఎవరి శవం వెంట నడవలేదు? చరిత్ర చదివే విద్యార్థులూ, చెప్పే అధ్యాపకులూ ఈ ప్రశ్నలను ముందు తమ ఊరి రికార్డు గది దగ్గర, తమ ఉద్యమాల దగ్గర వేసుకోవలసి ఉంది.