గుండీలు తాకట్టు పెట్టబోయిన ఊరు

ఓస్లోకి ఉద్యోగం మీద వచ్చిన మనవాళ్ళకి ఈ ఊరు పుట్టుకతోనే కలిగిన ఊరనిపిస్తుంది. నిజానికి ఆ కలిమికి పట్టుమని అరవై ఏళ్ళు కూడా లేవు. సముద్రం అడుగున ఎకోఫిస్క్ చమురుక్షేత్రం బయటపడింది 1969 చివర్లో. అంతకు ఎనభై ఏళ్ళ ముందు ఇదే వీధుల్లో ఒక మనిషి, అమ్ముకోవడానికి ఇంకేమీ మిగలక, కోటు గుండీలు కోసుకుని తాకట్టు కొట్టుకు పట్టుకెళ్ళాడు.

అతను నవలలో మనిషే. 1890లో వచ్చిన ‘సుల్త్’లో కథ చెప్పేవాడు. సుల్త్ అంటే ఆకలి. రాసింది క్నుట్ హామ్సున్. అప్పటికి ఊరి పేరు క్రిస్టియానియా. 1624లో ఊరు తగలబడితే డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ కొత్తగా కట్టించి తన పేరే పెట్టుకున్నాడు. 1814లో డెన్మార్క్ పెత్తనం పోయి స్వీడన్ రాజు వచ్చాడు. నార్వేకి సొంత రాజు 1905లోగాని రాలేదు. డెన్మార్క్ పెత్తనం పోయినా పుస్తకాల అచ్చు మాత్రం అక్కడే. నార్వే నాటకకర్త ఇబ్సెన్ పుస్తకాల్లాగే ‘సుల్త్’ కూడా కోపెన్‌హేగన్‌లోనే అచ్చయింది.

కథ అంటూ పెద్దగా లేదు. పత్రికలకు వ్యాసాలు రాసి బతకాలనుకునే పేరులేని కుర్రాడు, అద్దె కట్టలేక గదులు మారుతూ తిరుగుతాడు. చెక్కపేళ్ళు నములుతాడు. కుక్క కోసమని అబద్ధమాడి కసాయి దగ్గర ఎముక అడుక్కుంటాడు. అంతటి కరువులోనూ వెయిస్ట్‌కోటు తాకట్టు పెట్టి ముసలి బిచ్చగాడికి డబ్బులిస్తాడు! ఆకలి వల్ల మతి చలిస్తోందా, మతి అలాంటిది కాబట్టే ఆకలి తీరడం లేదా అన్నది చివరికీ తేలదు.

పుస్తకం మొత్తానికి పోలీస్ స్టేషన్ రాత్రి ఒక్కటి చాలు. గూడు లేక అక్కడికి చేరినవాడు నిజం చెప్పడు. తాను పాత్రికేయుడినని, ఇంటి తలుపు మూసేశారని దొంగపేరుతో నమ్మిస్తాడు. పరువుగల మనిషి కదా అని మంచి గది ఇస్తారు. ఆ కటిక చీకట్లో ‘కుబోఆ’ అనే మాట పుట్టించి, దానికి ఏ అర్థం పనికిరాదో తనలో తనే వాదించుకుంటాడు. తెల్లారాక దిక్కులేనివాళ్ళందరికీ భోజనం టికెట్లు పంచారు. ఇతనికి ఇవ్వలేదు. పాత్రికేయుడికి భోజనం టికెట్ ఎందుకు?

ఆఖరికి ఓడలో కూలిపనికి కుదిరి ఊరు వదిలేస్తాడు. ఆ కాలపు నార్వే చేసిందీ అదే. సుమారు వందేళ్ళలో ఎనిమిది లక్షల మంది అమెరికా ఓడలెక్కారు; జనాభా లెక్కన యూరప్‌లో వీళ్ళకన్నా ఎక్కువగా వలసపోయింది ఐర్లండ్ వాళ్ళే. హామ్సున్ కూడా రెండుసార్లు వెళ్ళి, షికాగోలో ట్రామ్ కండక్టరుగా చేశాడు. మనం ఇప్పుడు దిగుతున్న ఊరు, ఒకప్పుడు జనం బతకలేక దాటిపోయిన దేశపు రాజధాని అన్నమాట.

1920లో హామ్సున్‌కు నోబెల్ వచ్చింది. 1925లో ఊరికి పాత పేరు ఓస్లో తిరిగొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో దేశాన్ని జర్మన్లు ఆక్రమించినప్పుడు హామ్సున్ వాళ్ళ పక్కన నిలబడి, 1943లో తన నోబెల్ పతకాన్ని నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కి కానుకగా పంపాడు. నార్వే దాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు, మరిచిపోనక్కర్లేదు కూడా. యుద్ధం ముగిశాక, జర్మన్ల పక్కన నిలిచినందుకు జరిగిన విచారణలో, ఇదే ఓస్లోలో వైద్యులు ఆయన్ని పరీక్షించి, మానసిక శక్తులు శాశ్వతంగా సన్నగిల్లాయని తేల్చారు. దానికి జవాబుగా 1949లో, తొంభయ్యో ఏట, ఆయన మరో పుస్తకం అచ్చువేశాడు.