ఊరు లేని టీములు, ఊరు కట్టుకున్న అభిమానులు

ఈ వారం ఎపిసోడ్ ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్ గురించి. డ్యూటీ టైమింగ్స్ వల్ల వినలేకపోయినవాళ్ళ కోసం, మాట్లాడినదాన్ని చదువుకునేలా సర్ది ఇక్కడ పెడుతున్నాను.

"క్రికెట్ వదిలేసి ఇదేంటన్నా?" అంటారేమో. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళలో ఫిలిప్పీన్స్ వాళ్ళతో కలిసి పనిచేయనివాళ్ళు తక్కువ. హోటళ్ళలో, ఆస్పత్రుల్లో, సూపర్‌మార్కెట్లలో, గోడౌన్లలో వాళ్ళు మన పక్కనే ఉంటారు. మనం "అన్నా" అన్నట్టే వాళ్ళు "కుయా" అంటారు. నేను దుబాయ్‌లో గోడౌన్ పనిలో ఉన్నాను. మనీలాలో రాత్రి ఏడున్నరకి మ్యాచ్ అంటే మాకు మధ్యాహ్నం మూడున్నర. బ్రేక్‌లో ఒక్క ఫోన్ చుట్టూ ఎనిమిది తలకాయలు. అలా చూసీ చూసీ నేనూ హినెబ్రా టీము అభిమానినైపోయాను.

మొదట్లో వాళ్ళని అడిగాను, "హినెబ్రా ఏ ఊరు?" అని. అందరూ నవ్వారు. అది ఊరు కాదు, జిన్ను పేరు. మందు సీసా మీద ఉండే పేరే టీము పేరు. మిగతావాటి సంగతీ అంతే. ఒకటి బీరు, ఒకటి ఫోన్ కంపెనీ, ఒకటి కరెంటు కంపెనీ. హైదరాబాద్ టీము, చెన్నై టీము అన్నట్టు హినెబ్రా ఆడే లీగ్‌లో ఊరి టీములు ఉండవు. మరి ఊరు లేని టీముకి జనం ప్రాణం పెట్టడం ఎలా మొదలైంది? ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

బాస్కెట్‌బాల్‌ని అక్కడికి తెచ్చింది అమెరికా వాళ్ళు. దేశం వాళ్ళ పాలనలో ఉన్నప్పుడు స్కూళ్ళ ద్వారా, వైఎంసీఏ ద్వారా ఆట పాకింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఫిలిప్పీన్స్ 5వ స్థానంలో నిలిచింది. 1954లో రియో డి జనీరోలో జరిగిన ప్రపంచ పోటీల్లో కంచు పతకం గెలిచింది. ఆ రోజుల్లో మంచి ఆటగాళ్ళంతా కంపెనీల టీముల్లో ఆడేవాళ్ళు. ఇది మనకి వింతేం కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీము కూడా ఉద్యోగమిచ్చిన శాఖ పేరు మీద ఆడిందే కదా.

1975లో తొమ్మిది కంపెనీల టీములు పాత లీగ్ నుంచి విడిపోయి పీబీఏ పెట్టుకున్నాయి. ఏప్రిల్ 9న క్యూబావ్‌లోని అరనేటా కొలీజియంలో మొదటి మ్యాచ్‌లు జరిగాయి. ఆసియాలో అదే మొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్.

మొదటి పదేళ్ళూ రెండు టీములదే రాజ్యం. ఒకటి క్రిస్పా, బట్టల కంపెనీది. రెండోది టొయోటా, ఆ కార్లు అమ్మే డెల్టా మోటార్స్ వాళ్ళది. క్రిస్పాకి కోచ్ బేబీ దలుపాన్, ఆటగాళ్ళు అటోయ్ కో, ఫిలిప్ సీజర్, బోగ్స్ అడోర్నాడో. టొయోటాకి రాబర్ట్ జవోర్‌స్కీ, రామన్ ఫెర్నాండెజ్, ఫ్రాన్సిస్ అర్నాయిజ్. ఇంట్లో అన్నదమ్ములు కూడా రెండు పార్టీలైపోయేవాళ్ళట. 1977లో ఒక మ్యాచ్ అయ్యాక రెండు టీములూ కొట్టుకుంటే, మార్కోస్ మార్షల్ లా నడుస్తున్న కాలం కాబట్టి, ఆటగాళ్ళని ఫోర్ట్ బొనిఫాసియో మిలిటరీ క్యాంపులో ఒక రాత్రి ఉంచారు.

ఇంత పిచ్చి పెంచిన ఆ టీములు ఏమయ్యాయి? 1983లో నినోయ్ అకీనో హత్య తర్వాత దేశం ఆర్థికంగా కుదేలైంది. డెల్టా మోటార్స్ అప్పటికే కష్టాల్లో ఉంది. 1984 సీజన్ మొదలయ్యేలోపే టొయోటా టీము లేదు. ఆ ఏడాది ఆఖరుకి క్రిస్పా కూడా తప్పుకుంది, దాని స్థానాన్ని షెల్ కంపెనీ కొనుక్కుంది. 13 టైటిళ్ళు గెలిచిన టీము, 9 టైటిళ్ళు గెలిచిన టీము రెండూ ఒక్క ఏడాదిలోనే పోయాయి. అభిమానిని ఎవరూ అడగలేదు.

ఈ భాగం చదువుతుంటే నాకు మన బతుకులే గుర్తొచ్చాయి. కంపెనీ చేతులు మారుతుంది, మెడలో ఐడీ కార్డు మారుతుంది, మనం మాత్రం అదే పనిలో ఉంటాం. అమ్మేసేముందు మనల్ని పిలిచి అడిగేవాళ్ళు ఎవరు?

టొయోటా ఆటగాళ్ళని ఒక బీరు కంపెనీ టీముకి అప్పజెప్పినప్పుడు జవోర్‌స్కీ అడ్డం తిరిగాడు. అర్నాయిజ్‌తో కలిసి గిల్బీస్ జిన్ అనే టీముకి వెళ్ళాడు. ఫెర్నాండెజ్ మాత్రం బీరు టీముకే వెళ్ళాడు. పదేళ్ళు కలిసి ఆడినవాళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. 1989 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో ఆఖరి క్షణాల్లో జవోర్‌స్కీ బంతి అందిస్తే ఫెర్నాండెజ్ వేసి గెలిపించాడు. అప్పుడు పాత ప్రత్యర్థి కోచ్ దలుపాన్ ఇద్దరి చేతులూ కలిపించాడు. మా గోడౌన్‌లో వయసులో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ వీడియో వెతికి చూసుకుంటారు.

1985లో గిల్బీస్ పేరు హినెబ్రా సాన్ మిగెల్‌గా మారింది. హినెబ్రా అంటే చవక మందు. రిక్షా లాంటి ట్రైసికిల్ నడిపేవాళ్ళు, రేవు కూలీలు తాగేది. జవోర్‌స్కీ ఆ టీముకి ఆటగాడూ, కోచూ కూడా. ఆ అక్టోబర్‌లో ఒక మ్యాచ్‌లో జెఫ్ మూర్ మోచెయ్యి తగిలి జవోర్‌స్కీ పెదవి చీలింది. ఆస్పత్రికి వెళ్ళి తొమ్మిది కుట్లు వేయించుకున్నాడు. అప్పటికి అతనికి 39 ఏళ్ళు. ఇంటికి పోతాడనుకుంటే తిరిగొచ్చి కోర్టులో దిగాడు. వెనకబడి ఉన్న హినెబ్రా ఆ మ్యాచ్ గెలిచింది. "నెవర్ సే డై" అనే మాట ఆ టీముకి అతుక్కున్నది అప్పుడే. మన భాషలో చెప్పాలంటే, ఊపిరున్నంత వరకు వదలొద్దు అని.

1986లో మొదటి టైటిల్ వచ్చింది. 1991 ఫైనల్లో 1-3తో వెనకబడి, వరుసగా మూడు గెలిచి, ఏడో మ్యాచ్ చివరి సెకన్లలో రూడీ డిస్ట్రిటో వేసిన బంతితో కప్పు కొట్టారు. ఓడింది షెల్, అంటే క్రిస్పా స్థానం కొనుక్కున్న టీము. జవోర్‌స్కీ 50 దాటినా కోర్టులో దిగాడు, 1998లో సెనేటర్‌గా గెలిచాడు.

ఇప్పుడు ఆ టీము పూర్తి పేరు బరంగాయ్ హినెబ్రా సాన్ మిగెల్. బరంగాయ్ అంటే అక్కడ అన్నిటికంటే చిన్న పాలనా విభాగం, మన వాడలాగా, చిన్న గ్రామంలాగా అన్నమాట. ఊరు లేని టీముకి జనమే ఊరయ్యారు. ఆ ఊరి పేరు చివరికి కంపెనీ బోర్డు మీదికే ఎక్కింది. పల్లె నుంచి మనీలాకి పనికొచ్చినవాళ్ళూ, మనీలా నుంచి దుబాయ్, రియాద్ వచ్చినవాళ్ళూ అదే ఊరివాళ్ళు. టీము ఏ పట్నానిదైనా అయ్యుంటే ఇంతమందిది అయ్యేది కాదేమో. పీబీఏ దుబాయ్‌కి కూడా మ్యాచ్‌లు తీసుకొచ్చింది.

ఇంకో సంగతి చెప్తే మీకు నవ్వొస్తుంది. ఆ లీగ్‌లో ఏడాదికి మూడు టోర్నీలు ఉండటం మామూలు. ఒకదాంట్లో అంతా ఫిలిప్పీన్స్ వాళ్ళే. మిగతా వాటిల్లో విదేశీ ఆటగాణ్ణి పెట్టుకోవచ్చు. అతన్ని "ఇంపోర్ట్" అంటారు, ఎక్కువగా అమెరికా వాళ్ళే వస్తారు. సరిగ్గా ఆడకపోతే మధ్యలోనే టికెట్ కొనిచ్చి ఇంటికి పంపేస్తారు. ప్రపంచమంతటికీ పనివాళ్ళని పంపే దేశంలో అమెరికా వాడు కాంట్రాక్టు మీద వచ్చిన పనివాడు!

2016లో హినెబ్రా ఇంపోర్ట్‌కి దెబ్బ తగిలితే అతని బదులుగా జస్టిన్ బ్రౌన్లీ వచ్చాడు. ఫైనల్ ఆరో మ్యాచ్‌లో ఆఖరి క్షణంలో దూరం నుంచి మూడు పాయింట్ల బంతి వేసి, 8 ఏళ్ళుగా కప్పు లేని టీముని గెలిపించాడు. 2023 జనవరిలో ప్రత్యేక చట్టం చేసి అతనికి పౌరసత్వం ఇచ్చారు. బదులుగా వచ్చిన కాంట్రాక్టు మనిషికి ఒక దేశం తన పాస్‌పోర్ట్ ఇచ్చింది. మా రూములో దీని మీద చాలాసేపు మాటలు నడిచాయి. అదే నెలలో ఫిలిప్పీన్ ఎరీనాలో హాంకాంగ్ నుంచి అతిథిగా వచ్చిన బే ఏరియా డ్రాగన్స్‌తో ఏడో మ్యాచ్ చూడటానికి 54,589 మంది వచ్చారు, హినెబ్రా గెలిచింది. అక్టోబర్‌లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీస్‌లో చైనా మీద ఒక్క పాయింట్‌తో నెగ్గి, ఫైనల్లో జోర్డాన్‌ని ఓడించి, ఫిలిప్పీన్స్ 61 ఏళ్ళ తర్వాత బంగారం తెచ్చుకుంది. అంతకుముందు వాళ్ళు గెలిచింది 1962 జకార్తాలో. అవే క్రీడల్లో మన హైదరాబాద్ రహీమ్ సాబ్ కోచింగ్‌లో భారత ఫుట్‌బాల్ టీము కూడా బంగారం గెలిచింది. వాళ్ళ ఎదురుచూపు తీరింది, మనది ఇంకా తీరలేదు.

అంతా బాగుందని చెప్పను. ఇప్పుడు లీగ్‌లో సగం టీములు రెండు వ్యాపార గ్రూపుల చేతిలోనే ఉన్నాయి. సాన్ మిగెల్ గ్రూపుకి మూడు, ఫోన్, కరెంటు, హైవే వ్యాపారాలున్న ఇంకో గ్రూపుకి మూడు. నా హినెబ్రా కూడా మొదటి గ్రూపుదే, కాబట్టి ఈ మాట నా టీముకీ తగులుతుంది. 2017లో బలహీనమైన ఒక టీము తన మొదటి డ్రాఫ్ట్ ఎంపికని బలమైన సాన్ మిగెల్‌కి వదులుకుంటే, గొడవ ముదిరి చివరికి కమిషనర్ పదవే పోయింది. 14 టైటిళ్ళు గెలిచిన అలాస్కా 2022లో తప్పుకుంది. దాని అభిమానులకి ఇప్పుడు చూడటానికి పాత వీడియోలే ఉన్నాయి.

రేపు హినెబ్రాని కూడా అమ్మేస్తే ఏం చేస్తారని మా కుయాని అడిగాను. క్రిస్పా పోయినప్పుడు వాళ్ళ నాన్న నెల రోజులు మ్యాచ్ చూడలేదట, తర్వాత మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాడట. "సీసా వాళ్ళది, అరుపు మాది" అన్నాడు.

మీ పక్కన పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ళని ఈ వారం ఒక్కమాట అడగండి, ఏ టీము అని. ఏం చెప్పారో వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను. ఉంటాను మరి.