నిజామాబాద్ క్రీడారంగం: విజేతల ప్రభావం, కొత్తతరం రాక

నిజామాబాద్ జిల్లాలో పెద్ద విజయాలు సాధించిన క్రీడాకారులకు, వారిని చూసి మైదానానికి వచ్చే పిల్లలకు మధ్య ఉన్న సంబంధం ఈ వ్యాస విషయం. గత పదిహేనేళ్లలో ఈ జిల్లా నుంచి ప్రపంచ చాంపియన్ బాక్సర్ నిఖత్ జరీన్, కామన్వెల్త్ పతక విజేత మహమ్మద్ హుసాముద్దీన్, ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, భారత ఫుట్‌బాల్ క్రీడాకారిణి గుగులోత్ సౌమ్య వెలుగులోకి వచ్చారు. హాకీలో యెండల సౌందర్య దేశానికి ఆడింది. ఒకరు గెలిస్తే వారి వెనక పదిమంది వస్తారని అందరూ అంటారు. ఈ జిల్లా చరిత్ర చూస్తే ఆ మాటలో సగమే నిజం కనిపిస్తుంది. పతకం వల్ల ఆటకు పేరొస్తుంది. తల్లిదండ్రులు పిల్లల్ని పంపేదీ, పంపిన పిల్లలు నాలుగేళ్లు నిలిచేదీ మాత్రం ఆ పతకం దాకా వెళ్లిన దారి వాళ్ల కళ్లకు కనిపించినప్పుడే. ఊళ్లో ఒక కోచ్, ఆ తర్వాత హాస్టల్ సీటు, చివర్లో ఉద్యోగం ఉంటేనే అది దారి. వీటిలో ఏది లేకపోయినా విజేత ఫ్లెక్సీ మీదే మిగిలిపోతుంది.

నేపథ్యం

1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లోకి వచ్చాక ఈ ప్రాంతంలో చెరకు సాగు పెరిగింది. 1937లో బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. రెండు మూడు తరాల పాటు చుట్టుపక్కల కుటుంబాలకు స్థిరత్వమంటే ఫ్యాక్టరీ ఉద్యోగమే. 2002లో అందులో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో గేట్లు మూతపడ్డాయి. అప్పటికే జిల్లా యువకులు ఎంతోమంది గల్ఫ్ బాట పట్టారు. ఇలాంటి చోట పిల్లాడు ఆటలో చేరతానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ‘దాంతో ఏమొస్తది?’ అన్నదే. దాన్ని ఆటల మీద చిన్నచూపు అనుకోవడం తప్పు. నెల జీతం విలువ, అది పోతే పడే కష్టం రెండూ చూసిన కుటుంబం వేసుకునే లెక్క అది.

ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన ఉదాహరణ పాత హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆ జట్లలో హైదరాబాదీలు పలువురు. నగరంలోని కుర్రాళ్లకు ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కప్పులతో పాటు పోలీసు యూనిఫాం కూడా. బాగా ఆడితే ఏ గుమ్మం తడితే ఉద్యోగం వస్తుందో గల్లీలో అందరికీ తెలుసు. 1963లో రహీమ్ కన్నుమూశారు. పేరున్న ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు రప్పించుకుంటూ వచ్చాయి. విజయాలను నగరం మరిచిపోలేదు, ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంది. తీర్చిదిద్దే గురువు, ఆటను ఉద్యోగంతో కలిపే ఏర్పాటు రెండూ బలహీనపడేసరికి ఆ జ్ఞాపకం ఒక్కటే కొత్త తరాన్ని ఆ స్థాయికి తేలేకపోయింది.

బాక్సింగ్: గురువు ముందు, విజేత తర్వాత

నిజామాబాద్ బాక్సింగ్ కథ నిఖత్‌తో మొదలు కాలేదు. కోచ్ శంసముద్దీన్ ఆమె కంటే ముందే పట్టణంలో పిల్లలకు గ్లవ్స్ తొడిగించారు. ఆయన కొడుకు హుసాముద్దీన్ సర్వీసెస్ తరఫున ఎదిగి 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో, 2023 తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యాలు సాధించాడు. నిఖత్ మొదట పరుగు పందేల అమ్మాయి. కలెక్టరేట్ మైదానంలో అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలు కనిపిస్తున్నా బాక్సింగ్‌లో ఒక్కరూ లేకపోవడం చూసి తండ్రి జమీల్ అహ్మద్‌ను ఎందుకని అడిగానని ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పింది. తోటి అమ్మాయిలు లేక అబ్బాయిలతోనే తలపడింది. ముఖానికి దెబ్బలతో ఇంటికి వస్తే, ఇక నిన్నెవరు చేసుకుంటారని తల్లి కన్నీళ్లు పెట్టుకుందట. 2009లో విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రానికి వెళ్లి ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ పొందింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది.

ఇక్కడ గమనించాల్సింది ఆ తర్వాతి పదకొండేళ్లు. జూనియర్ టైటిల్‌కు సన్మానాలు జరిగాయి, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స జరిగింది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు పంపేముందు ట్రయల్ పెట్టమని అడిగి సాధించుకుని, మేరీ కోమ్ చేతిలో ఓడింది. ఆ రోజుల్లో ఈ ఊరి తల్లిదండ్రులకు నిఖత్ ప్రతిభావంతురాలే. కానీ ఆమె కథలో వాళ్లకు కనిపించింది కష్టం మాత్రమే, అది ఏ ఒడ్డుకు చేరుతుందో తెలియదు. 2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. తెలంగాణ ప్రభుత్వం 2 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్ వచ్చాయి. పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడినా 2024 సెప్టెంబరులో డీఎస్పీగా నియామకం అందుకుంది. పిల్లను రింగ్‌కు పంపాలా వద్దా అని ఆలోచించే ఇంటికి ఇస్తాంబుల్ స్వర్ణం గర్వకారణమైతే, డీఎస్పీ నియామకం భరోసా.

పర్వతారోహణ, ఫుట్‌బాల్

దారి ముందే వేసి ఉంటే ఏమవుతుందో పూర్ణ ఉదంతం చూపిస్తుంది. సిరికొండ మండలం పాకాల గ్రామానికి చెందిన ఈ గిరిజన బాలిక తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. గురుకులాల విద్యార్థుల నుంచి ఎంపిక చేసి భువనగిరి గుట్ట మీద, ఆపై డార్జిలింగ్‌లో శిక్షణ ఇచ్చారు. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఆమె ఎవరెస్ట్ ఎక్కింది, సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా అదే బృందంలో శిఖరం చేరాడు. కొండలెక్కే ఆట గురించి ఆ పల్లెలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఆరాధించడానికి పాత విజేతలూ లేరు. బడి, భోజనం, శిక్షణ ఒకే గొడుగు కింద ఉండటంతో విజేత లేకుండానే పిల్లలు వచ్చారు. అంటే దారి ఉంటే మొదటి విజేత పుట్టగలరు. విజేత ఉన్నంత మాత్రాన దారి పుట్టదు.

సౌమ్యది మరో కోణం. జిల్లాలోని తండా నుంచి వచ్చి నిజామాబాద్‌లో ఆట నేర్చుకున్న ఆమెను 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ తీసుకుంది. 2024-25 సీజన్‌లో ఈస్ట్ బెంగాల్ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఆడి, ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. ఇది వ్యక్తిగత క్రీడ కాదు కనుక ఆమెను చూసి వచ్చే అమ్మాయికి పక్కన మరో పదిమంది కావాలి, ఆడటానికి స్థానిక లీగ్ కావాలి. అవి లేని ఊళ్లో ఎంత గొప్ప ఫుట్‌బాలర్ పుట్టినా ఆమె ప్రభావం బాక్సర్ ప్రభావం కంటే త్వరగా ఆవిరవుతుంది.

ఇతర చోట్లతో పోలిక

అమెరికాలో విజేతలకు, కొత్తగా వచ్చేవారికి మధ్య ఉన్న ఈ సంబంధం బాహాటమైన వ్యాపారం. అక్కడ ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ 1936లో మొదలైంది. 2021లో అలబామా విశ్వవిద్యాలయం నుంచి ఆరుగురు మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యారు. 2022లో జార్జియా నుంచి 15 మంది ఎంపిక కావడం ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో రికార్డు. హైస్కూలు కుర్రాడి ఇంటికి వెళ్లే కళాశాల కోచ్ ఈ అంకెలనే ముందు పెడతాడు. మా దగ్గర చేరితే ఫలానా స్థానంలో ఆడతావు, ఆ స్థానంలో ఆడినవాళ్లు ఇప్పుడు ఫలానా జట్లలో ఉన్నారని పేర్లతో చెబుతాడు. అక్కడ తీర్చిదిద్దిన సంస్థ, పేరు తెచ్చుకునే సంస్థ, కొత్తవారిని పిలిచే సంస్థ ఒక్కటే. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది గచ్చిబౌలిలోని గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్ 2008లో దాన్ని నడపడం మొదలుపెట్టారు. ఒలింపిక్స్‌లో 2012లో సైనా నెహ్వాల్‌కు కాంస్యం, 2016లో పి.వి. సింధుకు రజతం వచ్చాక దేశం నలుమూలల నుంచి పిల్లలు, వారితో పాటు తల్లిదండ్రులూ హైదరాబాద్‌కు తరలివచ్చారు. ఆ పతకాల దారి అదే ఆవరణలో ఉంది కనుక వచ్చినవారు అక్కడే చేరారు.

నిజామాబాద్‌కు ఆ సౌలభ్యం లేదు. మొదటి మెట్టు ఇక్కడ, మిగతావి విశాఖలో, పటియాలాలో, సైన్యం శిబిరాల్లో. నిఖత్ గెలిచినప్పుడు ఉత్సాహం పుట్టేది నిజామాబాద్ ఇళ్లలో, ఆ ఉత్సాహం చేరేది పెద్ద నగరాల అకాడమీలకు. కొంత స్తోమత ఉన్న కుటుంబం పిల్లను నేరుగా హైదరాబాద్ తీసుకెళుతుంది. లేని కుటుంబానికి ఊరి మైదానమే దిక్కు. నాటు వేసినవారికి కాకుండా కోత కోసినవారికే పంట దక్కుతోంది.

అభ్యంతరాలు

ఈ వాదనకు మొదటి అభ్యంతరం కార్యకారణాలది. మంచి కేంద్రానికి ముందే మంచి పిల్లలు వస్తారు కనుక విజయాలు వస్తాయి, విజయాల వల్ల పిల్లలు వస్తారనడం తలకిందుల లెక్క అంటారు. అమెరికా కళాశాలల విషయంలో ఇది చాలావరకు నిజం, అక్కడ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. నిజామాబాద్‌లో ఏది ముందో తేలిగ్గానే తెలుస్తుంది. శంసముద్దీన్ రింగ్ ముందు, పతకాలు తర్వాత. ఇది విజేత కంటే దారే ముఖ్యమన్న మాటను బలపరుస్తుందే తప్ప కాదనదు.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. ఒక నిఖత్‌ను చూపి వందమంది పిల్లల చదువు పాడుచేస్తున్నారని కొందరు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు అంటారు. అందరూ చాంపియన్లు కాలేరన్నది నిజమే. అయితే ఆశ అబద్ధమయ్యేది పైమెట్టు ఒక్కటే చూపించినప్పుడు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా, సర్వీసెస్, రైల్వే జట్లు, పీఈటీ కొలువులు, కోచింగ్ డిప్లొమా ఇవన్నీ నడిమెట్లు. తెలంగాణ క్రీడా పాఠశాలల్లో నాలుగో తరగతి ప్రవేశానికి పిల్లల ఎత్తు, బరువు చూస్తారు, 30 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు పెడతారు. మండలం నుంచి రాష్ట్రం దాకా జరిగే ఈ ఎంపికలో ఏ పతకం ప్రస్తావనా ఉండదు, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల ఒంట్లో ఏముందన్నదే కొలమానం. హకీంపేట క్రీడా పాఠశాలలో సీటు వస్తే బడి మానాల్సిన పనిలేదు. నడిమెట్లు ఎన్ని ఉంటే చాంపియన్ కాలేని పిల్లకు నష్టం అంత తక్కువ.

మూడో అభ్యంతరాన్ని చాలామేరకు ఒప్పుకోవాల్సిందే. ఆడపిల్లల విషయంలో పతకం ఒంటరిగానే పెద్ద పని చేస్తుంది. ముస్లిం మధ్యతరగతి ఇంటి నుంచి, తండా నుంచి, గిరిజన పల్లె నుంచి వచ్చిన అమ్మాయిలు దేశం జెర్సీ వేసుకున్నాక, షార్ట్స్ వేసుకుని ఆడొద్దు, దెబ్బలు తగిలితే పెళ్లి కాదు అనే బంధువుల మాటకు పదును తగ్గింది. ఇంట్లో అనుమతి అడిగే అమ్మాయికి నిఖత్ పేరే సాక్ష్యం. కానీ అనుమతి దొరికిన అమ్మాయి మర్నాడు సాయంత్రం ఎక్కడికి వెళ్లాలి? దగ్గర్లో శిక్షణ కేంద్రం, వీలైతే మహిళా కోచ్, చీకటి పడకముందే ఇంటికి చేర్చే బస్సు లేకపోతే ఆ అనుమతి ఎక్కువ రోజులు నిలవదు. బోధన్ వైపు పల్లెల అమ్మాయిలకు ఈ చిక్కు పట్టణంలో వారికంటే ఎక్కువ.

మొదటి మెట్టు హక్కు

నాటు వేసినవారికి పంట దక్కని సమస్యకు అంతర్జాతీయ ఫుట్‌బాల్ ఒక పరిష్కారం వెతికింది. ఒక క్లబ్ నుంచి మరో క్లబ్‌కు ఆటగాడు మారినప్పుడు చెల్లించే సొమ్ములో 5 శాతాన్ని, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నీ పంచుకోవాలని ఫిఫా 2001లో నిబంధన తెచ్చింది. దాంతో పల్లెటూరి చిన్న క్లబ్‌కు కూడా తాను పెంచిన పిల్లాడి ఎదుగుదలలో భాగం ఉంటుంది, ఆ డబ్బుతో తర్వాతి జట్టును నిలబెట్టుకుంటుంది. ప్రపంచ చాంపియన్‌కు ఇచ్చే నజరానాలో ఇరవయ్యో వంతు ఆమె మొదట ఆడిన మైదానానికి ఏటా చేరేలా చేస్తే, నిజామాబాద్‌లో ఒక కోచ్ జీతం, రెండు పంచింగ్ బ్యాగులు, కొన్ని జతల గ్లవ్స్ దానితోనే సమకూరతాయి. ఇప్పుడు విజేతల మీద పెట్టే ఖర్చు న్యాయమైనదే, వాళ్లు దానికి అర్హులే. అయితే ఆ ఖర్చు కొత్త పిల్లల్ని తెస్తుందని ఆశించేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పిల్లలు విజేత దాకా వెళ్లలేరు, కోచ్ దాకా వెళ్లగలరు. విజేత పెంచిన ఆసక్తి వృథా కాకుండా ఉండాలంటే ఆ కోచ్ ఊళ్లోనే ఉండాలి, రోజూ ఉండాలి, జీతం తీసుకుంటూ ఉండాలి.